ఎవరూ వెయ్యని చుక్కలు

"ఈ మాట రాసింది మీరేనా?"

ల్యాబ్ కిటికీలోంచి ముందు ఒక కాగితం లోపలికొచ్చింది. దాని వెనకాలే ఒక చెయ్యి, ఆ వెనక నీళ్ళు కారుతున్న గొడుగు, గొడుగు కింద కోపంతో ఎర్రబడ్డ మొహం. మౌని చేతిలో రక్తం కొలిచే పిపెట్ ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

మౌని అతని అసలు పేరేం కాదు. రోజుకి పది మాటలకి మించి మాట్లాడడని ల్యాబ్‌లో వాళ్ళు తగిలించిన పేరు. ఆ పదిలో ఆరు "ఊఁ"లే. పసిపిల్లల మడమ నుంచి తీసిన రక్తంలో పోలియోని ఎదుర్కొనే శక్తి వచ్చిందో లేదో చూడటం అతని పని. గొడుగు మనిషి నర్సు. భుజాన ఐసు డబ్బాతో ఇంటింటికీ తిరిగి పిల్లల నోట్లో పోలియో చుక్కలు వేస్తుంది, నెల తిరిగాక ఆ పిల్లల రక్తం, పోల్చి చూడటానికి వేయించుకోని పిల్లల రక్తం కూడా తెచ్చి ఈ కిటికీలో ఇచ్చిపోతుంది. ఊరు ఊరంతా ఆమెని సిస్టర్ అని పిలుస్తుంది. మౌని మాత్రం చచ్చినా పిలవడు. ఎందుకు పిలవడో మీకు వేరే చెప్పాలా.

"ఊఁ," అన్నాడు.

"ఊఁ కాదు, నోరు తెరిచి చెప్పండి. అరవై ఒకటో నంబరు పాపకి 'చుక్కలు వేసి ఉండవచ్చు' అని రాశారు. వాళ్ళమ్మ వద్దంది. నేను వెయ్యలేదు."

"రక్తం మాత్రం వేశారనే చెప్తోంది. మూడుసార్లు చేసి చూశాను."

"తల్లి నుంచి వచ్చిన శక్తేమో."

"పాపకి పదినెలలు. తల్లి ఇచ్చింది ఈపాటికి అరిగిపోతుంది. ఇంత బలంగా ఉండదు. పోలియో మందు ఆ పాప కడుపులోకి వెళ్ళింది. అందులో అనుమానం లేదు."

"మరి ఎవరు వేసినట్టు?"

మౌని పిపెట్ తీసి స్టాండులో పెట్టాడు.

"మీరు తీరిగ్గా నాలుగు ముక్కలు రాసి పడేశారు. తల్లికి తెలియకుండా నేనే వేశానని పెద్ద డాక్టరుగారు అనుకుంటున్నారు. కాదని సోమవారంలోగా ఆ తల్లి చేత రాయించుకు రమ్మన్నారు." ఆమె కాగితం వెనక్కి లాక్కుంది. "ఉద్యోగం పోతే పోయింది. దొంగతనంగా పసిదాని నోట్లో మందు పోసిందన్న పేరు మిగిలితే ఇంకే ఇంట్లో నాకు తలుపు తీస్తారు?"

ఆ వాక్యం రాయడానికి మౌనికి అర నిమిషం కూడా పట్టలేదు. కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

"పదండి, నేనూ వస్తాను."

"మీరొచ్చి ఏం చేస్తారు? ఊఁ కొడతారా?"

"కొట్టమంటే కొడతాను."

ఆమెకి నవ్వొచ్చింది గానీ, కోపంలో ఉన్నాను కదా అని మింగేసింది.

నాలుగో అంతస్తులో చివరి తలుపు ఆ తల్లిది. తలుపు మీద సుద్దతో గీసిన ఇంటూ గుర్తు, అంటే ఈ ఇంట్లో చుక్కలు వద్దన్నారని. వాన వల్ల మధ్యాహ్నం రెండున్నరకే వరండా చీకటిగా ఉంది.

"చుక్కలు వద్దన్న మనిషి రక్తం ఎలా ఇచ్చింది?" అని గొంతు తగ్గించి అడిగాడు మౌని.

"'తీసుకుంటే తీసుకోండి, లోపలికి మాత్రం ఏం పంపొద్దు' అంది. ఆవిడ పెద్ద కూతురు నాలుగేళ్ళ పిల్ల. రెండేళ్ళ కిందట చుక్కలు వేసిన రెండో రోజే జ్వరంతో పోయింది. ఆ జ్వరం వేరని డాక్టర్లందరూ చెప్పారు. ఆవిడ నమ్మలేదు."

"అప్పుడు చుక్కలు వేసింది..."

"నేనే."

ఇంకా తలుపు తట్టనే లేదు, తెరుచుకుంది.

"రండి సిస్టర్," అంది తల్లి మెల్లగా. "చప్పుడు చెయ్యకండి. మూడు కావస్తోంది."

ఇల్లంతా కిటికీలు మూసి ఉన్నాయి. కుర్చీ వీపు మీద ఇప్పుడే ఉతికిన పసుప్పచ్చ గౌను ఆరేసి ఉంది. పదినెలల పాపకి అది మడమలు దాటి ఇంత పొడుగు వేలాడుతుంది. అది ఎవరిదో మౌని అడగలేదు. ఆ కుర్చీకి దూరంగా జరిగి నిలబడ్డాడు.

నర్సు విషయమంతా చెప్పింది. రక్తం సంగతి, సోమవారం సంగతి. తల్లి పొయ్యి మీద పాలు చూసుకుంటున్నట్టు తాపీగా వింది.

"ఈ ఇంటికి ఎవరెవరు వస్తారండీ?" అని అడిగాడు మౌని.

"ఎవరూ రారు బాబూ. మా ఆయన నెలకోసారి వస్తారు. బయటి వాళ్ళని నేను రానివ్వను." ఒక్క క్షణం ఆగింది. "మా పెద్దది వస్తుంది. రోజూ మూడింటికి వచ్చి చెల్లిని ఊపుతుంది. దానికోసమే బాల్కనీ తలుపు గడియ పెట్టను, ఆ వేళ గదిలోకి తొంగి కూడా చూడను."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో సంతోషం కనిపించింది. అదే భయమేసింది వాళ్ళిద్దరికీ.

పక్క గదిలో కిర్రుమంది. ఊయల కదిలిన చప్పుడు. మళ్ళీ కిర్రుమంది. ఎవరో సన్నగా ఏదో పాడుతున్నారు.

నర్సు చెయ్యి మౌని చొక్కా పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకి తెలియదు. అతనికి తెలుసు. ఇద్దరూ ఒకరినొకరు ముందుకి తోసుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూశారు.

ఊయల పక్కన ఒక చిన్న పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. బిస్కెట్ విరిచి, నోట్లో పెట్టుకుని మెత్తగా నానబెట్టి, ఆ ముక్క తీసి పాప నోట్లో పెడుతోంది. ఎడమ చిటికెన వేలి గోరు మీద ఊదారంగు సిరా మరక.

"పక్కింటి పిల్ల," అంది నర్సు. ఆమె చెయ్యి మౌని చొక్కా వదిలింది. "చుక్కలు వేశాక గుర్తుకి ఆ సిరా నేను పెట్టిందే. పోయిన నెలా వేశాను, ఈ నెలా వేశాను చుక్కలు. బాల్కనీ గోడ ఎక్కి వస్తోందన్నమాట."

మౌనికి అంతా అర్థమైంది. "చుక్కల్లో ఉండేది బలం తీసేసిన క్రిమే గానీ చచ్చింది కాదు. వారాల తరబడి పిల్లల కడుపులో ఉంటుంది. చేతులకంటుతుంది, ఎంగిలికంటుతుంది. అలా పక్క పిల్లకి చేరి దానికీ శక్తి ఇస్తుంది. అరవై ఒకటో పాపకి చుక్కలు ఇచ్చింది ఈ పిల్లే. మీ తప్పేం లేదు."

గెలిచామనుకుని వెనక్కి తిరిగాడు. తల్లి గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"అయితే మా పెద్దది కాదా?" అంది.

ఒకరి ఉద్యోగం నిలబెట్టబోయి ఇంకొకరి బిడ్డని రెండోసారి చంపినంత పనైంది. నర్సు అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు చూశాడు అతను. పక్కింటి పిల్ల రెండు చేతులూ బిస్కెట్ పొట్లంలోనే ఉన్నాయి. ఊయల ఊగుతూనే ఉంది. పాప ఈ పిల్ల వైపు చూడటం లేదు, అవతలి వైపు ఎవరూ లేని చోటికి చూసి కిలకిలా నవ్వుతోంది. బాల్కనీ తలుపు తెర కదలడం లేదు, అంటే గాలి కూడా కాదు.

"ఊయల గట్టిగా ఊపకమ్మా," అన్నాడు మౌని, ఏదో ఒకటి అనాలని.

"నేను ఊపట్లేదు. అక్క ఊపుతుంది. నేను తినిపిస్తానంతే."

"ఏ అక్క?" అంది తల్లి.

పిల్ల బిస్కెట్ చేత్తో, గుమ్మంలోంచి కనిపిస్తున్న కుర్చీ మీది గౌను చూపించింది. "ఆ గౌను అక్క."

తల్లి వచ్చి పిల్ల ముందు కూలబడింది. "నీతో ఏమైనా అంటుందా?"

"అంటుంది. చుక్కలు తననేం చెయ్యలేదంట. అమ్మకి చెప్పమంది. నేను మర్చిపోయా."

తల్లి లేచి, కాగితం తెచ్చి, సిస్టర్ నా బిడ్డకి ఏ మందూ వెయ్యలేదని రాసి సంతకం పెట్టింది. కాగితం ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చేత్తోనే నర్సు మణికట్టు పట్టుకుంది.

"ఐసు డబ్బాలో చుక్కలున్నాయా?"

"ఉన్నాయి."

"మీ చేత్తోనే వెయ్యండి. రెండేళ్ళు మిమ్మల్ని నానా మాటలన్నాను. మనసులో పెట్టుకోకండి."

పాప బుగ్గలు తల్లే నొక్కి నోరు తెరిపించింది. నర్సు వేసిన రెండు చుక్కలూ సరిగ్గా నాలుక మీదే పడ్డాయి.

పక్కింటి పిల్లని వాళ్ళమ్మకి అప్పగించి ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. వాన తగ్గింది.

"రిపోర్టులో ఏం రాస్తారు?"

"పక్కింటి పిల్ల నుంచి అంటుకుందని. అది నిజం."

"మిగతాది?"

"మిగతాది రాయడానికి గడి లేదు."

మూసిన తలుపు వెనక తల్లి జోల పాడటం మొదలుపెట్టింది. ఆవిడ గొంతు పక్కనే ఇంకో సన్నని గొంతు కలిసింది. పక్కింటి తలుపు వెనక ఆ పిల్ల అన్నం వద్దని వాళ్ళమ్మతో పేచీ పెడుతోంది. ఆ మాటలు ఇటు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

నర్సు మౌని చెయ్యి పట్టుకుంది. ఈసారి తెలిసే పట్టుకుంది.

"మీకొకటి చెప్పాలి," అన్నాడతను. "ఏడాదిగా చెప్పాలనే ఉంది. మీరంటే నాకు చాలా ఇష్టం. మంచి సమయం కాదని తెలుసు. ఇప్పుడు చెప్పకపోతే ఈ భయానికే పోయేట్టున్నాను."

"దయ్యానికి భయపడి ప్రేమించానంటారా?"

"ప్రేమించింది ముందే. భయపడి చెప్పాను."

లోపల పాట ఆగింది. రెండు గొంతులూ ఒకేసారి ఆగాయి, జవాబు కోసం చెవులు రిక్కించినట్టు.

నర్సు తలుపు వైపు చూసింది, అతని వైపు చూసింది. లోపలికి కూడా వినపడేలా కొంచెం గట్టిగానే చెప్పింది.

"నాకూ ఇష్టమే."

లోపల పాట మళ్ళీ మొదలైంది. ముందు ఆ సన్నని గొంతే అందుకుంది.