అంతా క్షేమమన్న రేడియో

ట్రైలర్ రేకు మీద వాన దంచి కొడుతోంది. కోదండపాణి పొద్దుటి నుంచి నాలుగోసారి అదే శుభవార్త విన్నాడు.

"మీ గొంతు ఐదు-తొమ్మిది, స్పష్టంగా వినపడుతోంది. లంకలో అంతా క్షేమం."

"సంతోషమండీ మంగతాయిగారూ," అన్నాడు రేడియోలో లంక బడి టీచరుతో. ఏటి మధ్య లంకకి పడవలు అక్కర్లేదని గట్టు మీదున్న వరద అధికారికి చెప్పాడు.

ట్రైలరంటే కారు వెనక తగిలించుకునే చిన్న గది. మంచం, స్టవ్, రేడియో, అంతే. దాని కొక్కేనికి గొట్టం కట్టి, తీగ లాగి, తుఫాను వచ్చిన చోటల్లా ముప్ఫై ఏళ్లుగా జీతం లేకుండా, సొంత సరదాతో అమెచ్యూర్ రేడియో నడిపిన మనిషి ఆయన. ఈసారి కప్పు మీద డాక్టర్ హైమవతి కనిపెట్టిన 'పూరణి' బిగించాడు. పళ్లెమంత యాంటెన్నా, దానికో కంప్యూటర్. హోరులో కొట్టుకుపోయిన మాటల్ని అది ఊహించి, మాట్లాడేవాళ్ల గొంతుతోనే పూరిస్తుంది.

ఐదోసారి మంగతాయి, "ఇక్కడ ఎండ చక్కగా కాస్తోంది," అంది.

లంక అక్కడికి ఎనిమిది కిలోమీటర్లే. కోదండపాణి తలెత్తి రేకు మీద వాన చప్పుడు విన్నాడు. వానలోకి దూకి, పాత గొట్టం నిలబెట్టి, తీగ కట్టి, కేబుల్ పాత సెట్‌కి తగిలించాడు. చెవులు చిల్లులు పడే హోరు. అందులో బొంగురుపోయిన ఆడగొంతు.

"...బడి కప్పు మీద... నలభై మందిమండీ... వినపడతందా..."

పడవలు బయల్దేరాయి.

"ఇదేం యంత్రమమ్మా!" అని గట్టు మీదే ఉన్న హైమవతి మీద విరుచుకుపడ్డాడు.

ఆవిడ తలొంచుకుంది. "మీ రేడియోవాళ్ల సంభాషణలే దీనికి నేర్పానండీ. మీ ముప్ఫై ఏళ్ల రికార్డింగులే ఎక్కువ. అవతలివాళ్ల మాట ముక్క వినపడకపోయినా, 'ఐదు-తొమ్మిది, గంట కొట్టినట్టుంది' అంటారు కదా మీరంతా. ఎందుకండీ?"

"నొచ్చుకుంటారని," అన్నాడు. ఆ మర్యాద తలుచుకుంటే ఆయనకే అసహ్యం వేసింది. మొహమాటానికి పోయి ముప్ఫై ఏళ్లు గాలినిండా అబద్ధాలు నింపారు తనూ, తన బోటి పెద్దమనుషులూ.

పడవల్లోంచి నలభై మందిలో ముప్ఫై ఎనిమిది మందే దిగారు. టీచరు మంగతాయి ట్రైలర్ గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది.

"నాలుగ్గంటలు మొత్తుకున్నానండీ. 'మునిగిపోతన్నాం' అన్న ప్రతిసారీ మీరు 'సంతోషమండీ' అన్నారు."

 కోదండపాణి ఆవిడ పక్కనుంచి బయటికి వంగి వాంతి చేసుకున్నాడు.

గొడుగు కింద వరద అధికారి పైవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "యంత్రం బ్రహ్మాండంగా ఉంది సార్. పొద్దున్నుంచి దీంట్లోంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. పాత సెట్లు తీయించేసి లంకకొకటి చొప్పున పెట్టిద్దాం సార్."