ఒంటిగాలి యంత్రం

ఫుస్.

తల మీద సన్నగా చప్పుడైంది. మరుక్షణం చల్లటి గాలి పాయ ఒకటి పైకప్పులోంచి దిగి జసింత చెంపల్ని తాకింది. ముందున్న బిల్లులు రెపరెపలాడి, ఒకటి ఎగిరి కింద పడింది. దాన్ని వంగి తీసి ఇచ్చినవాడు బాలశౌరి. అసలు ఆ గాలి రావడానికి కారణం కూడా అతనే. గోడౌన్‌లో సరుకు చూసి వచ్చాడేమో, చొక్కా నిండా ఎండుమిర్చి ఘాటు. ఆ ఘాటు కూడా జసింతకి మల్లెల వాసనలాగే ఉంటుంది, ఏం చేస్తుంది పాపం.

"మళ్ళీ ఎగిరిందా?" అన్నాడు నవ్వుతూ.

ఫుస్స్స్! ఈసారి ఇంకా గట్టిగా వచ్చింది.

పక్క బల్ల దగ్గర టైపు చేసుకుంటున్న నాగూర్ తలెత్తకుండానే, "శౌరి మావా, నువ్వు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడరాదూ? నువ్వు లోపలికొస్తే మా జసింతమ్మకి తుపాను పట్టుకుంటంది," అన్నాడు.

హాలంతా నవ్వారు. జసింత తల వంచేసుకుంది. సిగ్గుతో ముఖం కాలిపోయింది. ముఖం కాలగానే పైన మూత పూర్తిగా తెరుచుకుంది.

ఇది ఎప్పటి సంగతంటే, రెంటచింతలలో ఎండాకాలం పొద్దున పదకొండింటికే సైరన్ మోగే రోజుల సంగతి. సైరన్ మోగితే ఊరు తలుపులేసుకుంటుంది. వీధులకి అడ్డంగా తెల్లటి గుడ్డ పందిళ్ళు. బస్సులు పొద్దు వాలేదాకా కదలవు. ఒక్కొక్క ఆఫీసుకి ఇంత కరెంటే అని లెక్క కట్టి ఇస్తారు, అయిపోతే అంతే. అలాంటి ఊళ్ళో ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీ ఆఫీసులో పాత ఏసీ చచ్చిపోయింది. కొత్తది ఏది పెట్టించాలన్నది ప్రశ్న.

పాతరకం పెట్టించుకోవచ్చు. గది మొత్తాన్ని చల్లబరిచేది. కానీ ఇచ్చే కరెంటుకి అది మధ్యాహ్నం దాకానే వస్తుంది. పైగా రిమోట్ కోసం రోజూ యుద్ధం. ఇరవై నాలుగు పెడితే నాగూర్ మంకీ క్యాప్ తొడుక్కుంటాడు. ఇరవై పెట్టినా సీనియర్ అకౌంటెంట్ ఆరోగ్యమ్మ అట్టముక్కతో విసురుకుంటూనే ఉంటుంది. మేనేజర్ ఇన్నారెడ్డి గారు విసిగిపోయి రిమోట్‌ని సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాడు.

రెండోది డాక్టర్ విదుల కనిపెట్టిన ఒంటిగాలి యంత్రం. ఆమె సైంటిస్టు. సన్నగా, కళ్ళజోడు వెనక నిద్ర చాలని కళ్ళతో, తను చెప్పేదాన్ని తనే ప్రేమిస్తూ చెప్పే మనిషి. వారం రోజులు ఊరికే పెట్టి చూపిస్తానని వచ్చింది.

"గదిని చల్లబరచడం దండగండీ," అంది మొదటిరోజు. "గదికి చెమట పట్టదు. మనిషికి పడుతుంది. అందుకని పైన ఒక్కొక్క కుర్చీకీ ఒక నాజిల్ పెట్టాను. నాజిల్ నోట్లోనే వేడిని చూసే కన్ను ఉంటుంది. మీ ముఖం రవ్వంత వేడెక్కితే చాలు, మూత తెరుచుకుని మీ ఒక్కరికే చల్లగాలి వస్తుంది. చల్లబడగానే మూసుకుంటుంది. కరెంటు నాలుగో వంతు చాలు."

"ఆ కన్ను మా ఫోటోలు గట్రా తీస్తదా మేడం?" ఇన్నారెడ్డి గారికి అనుమానం.

"లేదండీ. మీరెవరో దానికి తెలీదు. వేడి తప్ప దానికేమీ కనబడదు."

అందరికీ ధైర్యమొచ్చింది. మనిషి ముఖంలో వేడి ఎన్నెన్ని కారణాలకి పుడుతుందో ఆరోజు ఎవరికీ తట్టలేదు. ఆమెకి కూడా తట్టలేదు.

చట్టం ప్రకారం ఒక షరతుంది. ఒంటిని చూసే యంత్రం ఏదైనా సరే, గదిలో ఉన్న అందరూ సరేనంటేనే ఉంచాలి. ఒక్కరు వద్దన్నా తీసేయాలి. అందుకని వారం చివర అందరినీ కూర్చోబెట్టి అడుగుతానంది డాక్టర్ విదుల.

మొదటి రెండు రోజులూ హాలు హాలంతా ఫుస్ ఫుస్‌మని వేణువులూదినట్టు మోగింది. ఇన్నారెడ్డి గారు ఫోనులో ఓనరుతో, "లారీ బయల్దేరింది సార్, ఈపాటికి పిడుగురాళ్ళ దాటుంటది," అంటున్నప్పుడు ఆయన నెత్తిన గాలి రివ్వున దిగి, ఉన్న నాలుగు వెంట్రుకలూ నిలబడి నాట్యం చేశాయి. లారీ ఇంకా షెడ్డులోనే ఉందని హాల్లో అందరికీ తెలుసు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఫోను పెట్టేసి పైకి చూశాడు. అందరూ పైకి చూశారు.

ఆ తర్వాత ఏమైందో, చప్పుళ్ళు తగ్గిపోయాయి. మూడో రోజుకి హాల్లో రెండు నాజిల్సే మోగుతున్నాయి. ఒకటి ఆరోగ్యమ్మది, రెండోది జసింతది.

మిగిలిన వాళ్ళంతా ఎంత నిబ్బరమైన మనుషులో అనుకుంది జసింత. ఎవరి ముఖమూ వేడెక్కదు. ఎవరి మనసులోనూ దాచుకోవాల్సింది ఏదీ లేదు కాబోలు. ఈ ఆఫీసులో పాడుమనసు నాదొక్కదానిదే అని కుమిలిపోయింది. అన్నిటికంటే ఎక్కువ బాధ, మూల బల్ల మీది నాజిల్ మోగకపోవడం. అది బాలశౌరి బల్ల. నాలుగో రోజు ఆమె చిలకపచ్చ చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని, పనిలేకపోయినా ఆ బల్ల పక్కగా నడిచింది. చెవులు రెండూ పైకప్పుకే అప్పగించింది. ఊహూఁ. చిన్న నిట్టూర్పంత గాలి కూడా రాలేదు. అతని చొక్కా వీపంతా చెమటతో తడిసుంది గానీ, గోడౌన్ నుంచి వచ్చాడు కదా, అదే అనుకుంది. తిరిగి వచ్చి కూర్చుంటే మాత్రం తన నెత్తిన ఫుస్‌మంది. అది మోగినప్పుడల్లా తనని బజార్లో నిలబెట్టి పేరు పెట్టి పిలిచినట్టుగా ఉంటోంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఆరోగ్యమ్మ ఆమెని పక్కకి పిలిచింది. ఆరోగ్యమ్మకి యాభై దాటాయి. జసింతకి బిల్లులు రాయడం నేర్పింది ఆమే.

"నీకొక మాట చెప్తాను, ఎవరికీ చెప్పమాక. నాది నెలసరి ఆగే వయసు గదా. ఏడాదిన్నర నుంచీ ఒంట్లోంచి ఆవిర్లు లెగుస్తన్నయ్యే. బస్సులో, గుడిలో, వంటింట్లో, ఎక్కడున్నానని చూడదు. మంటల్లో పెట్టినట్టే. మా ఆయనకి చెప్తే ఫ్యాను కింద కూర్చోమన్నాడు." ఆమె చిన్నగా నవ్వింది. "ఈ మిషనొచ్చాక మనిషినయ్యాను. ఆవిరి లెగిసిందని నాకు తెలిసేలోపే గాలొస్తంది. ఎవరో పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉన్నట్టుంటది. దీన్ని ఉంచితే ఇంకో ఎనిమిదేళ్ళు హాయిగా చేస్తాను ఉద్యోగం. లేకపోతే మానేద్దామనే అనుకున్నా."

"ఉంచుతార్లే పిన్నీ," అంది జసింత. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అంది.

వారం ముగిసింది. డాక్టర్ విదుల అందరినీ ఎవరి కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ అడిగింది.

"చానా బాగుంది మేడం. ఊటీలో ఉన్నట్టుంది," అన్నాడు ఇన్నారెడ్డి గారు, మెడ వెనక చేతిరుమాలు తిప్పుకుంటూ.

"నాకైతే దుప్పటి కప్పుకోవాలనిపిస్తంది," అన్నాడు నాగూర్. చొక్కా వీపుకి అంటుకుపోయుంది.

"ఉండనీండి. ఇబ్బందేం లేదు," అన్నాడు బాలశౌరి నేల చూస్తూ.

ఒక్కొక్కరే సరే అన్నారు. డాక్టర్ విదుల ముఖం దీపం వెలిగినట్టు వెలిగింది. కరెంటు నాలుగో వంతు కంటే కూడా తక్కువే అయిందని, ఇది తను ఊహించలేదని చెప్పింది. చివరికి జసింత వంతు వచ్చింది.

జసింత లేచి నిలబడింది. సరే అంటే రేపూ, ఎల్లుండీ, ఏళ్ళ తరబడీ ఇదే. అతను లోపలికి రావడం, తన నెత్తిన గాలి, హాలంతా నవ్వు. అతని నెత్తిన ఎప్పటికీ నిశ్శబ్దం.

"నాకొద్దండీ," అంది.

"ఎందుకమ్మా?" డాక్టర్ విదుల గొంతులో కోపం లేదు, ఆశ్చర్యముంది. "కారణం చెబితే సరిచేస్తాను."

కారణమా! అసలు కారణం నోటికి రానిది. అందరి కళ్ళూ తన మీదే. పైన మూత తెరుచుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకి బెదిరిపోయి, చేతికి దొరికిన దాన్ని పట్టుకుంది.

"ఆ మోత పడలేకపోతన్నానండీ. ఆరోగ్యం పిన్ని నెత్తిన అస్తమానం మోగుతానే ఉంటది. ఆమెకి ఒంట్లో బాగోదు. నెలసరి ఆగే వయసు, ఆవిర్లు లెగుస్తయ్యంట. ఆమె ఒక్కదాని కోసం మేమంతా..."

మాట సగంలో ఆగిపోయింది. అందరూ తలలు తిప్పి ఆరోగ్యమ్మని చూశారు. మగవాళ్ళు చప్పున తలలు వంచుకున్నారు. ఆరోగ్యమ్మ నెత్తిన నాజిల్ ఎన్నడూ లేనంత పెద్దగా తెరుచుకుంది. పైట ఎగిరింది. ఆమె రెండు చేతులతో పైటని భుజానికి అదిమి పట్టుకుంది.

"తీయించెయ్యండి సార్," అంది ఇన్నారెడ్డి గారితో. జసింత వైపు చూడలేదు. "ఇన్నాళ్ళూ బతకలా? నాకలవాటే."

మర్నాడు మెకానిక్‌లు నిచ్చెన వేసుకుని నాజిల్స్ విప్పసాగారు. అందరూ పని చేస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నారు. మొదట ఇన్నారెడ్డి గారిది విప్పారు. అందులోంచి ఉండ చుట్టిన చేతిరుమాలు ఒకటి జారి ఆయన ఒళ్ళోనే పడింది. ఆయన దాన్ని చటుక్కున జేబులో కుక్కుకున్నాడు. నాగూర్‌ది విప్పితే మేజోడు పడింది. ఇంకొకరి దాంట్లోంచి పాలిథీన్ కవరు. మరొక దాంట్లోంచి నిరుటి క్యాలెండరులోని ఫిబ్రవరి నెల. వరసగా, ఒక్కొక్క కుర్చీ మీదా, ఎవరి గుట్టు వాళ్ళ నెత్తిన రాలింది. ఎవరికి వాళ్ళు అందరూ వెళ్ళాక కుర్చీ ఎక్కి, ఎవరికీ తెలీకుండా, తన ఒక్కడికే ఈ తెలివి ఉందనుకుని నాజిల్ మూసుకున్నారు. మూసుకుని, వారమంతా ఉక్కపోతలో ఉడికిపోతూ, చల్లగా ఉందని చెప్పారు. వద్దంటే దాచుకోవాల్సిందేదో ఉందని అనుకుంటారేమోనని భయం.

మూల బల్ల మీది నాజిల్ విప్పగానే గుప్పెడు పత్తి, గోనె పురికొస కలిపి చుట్టిన ముద్ద రాలింది. బాలశౌరి దాన్ని తియ్యలేదు. జసింత వైపు చూశాడు. ఆ ముఖం ఎర్రబడిందని చెప్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది.

డాక్టర్ విదుల రాలిన వాటన్నిటినీ చూస్తూ నిలబడిపోయింది.

"కరెంటు అంత తక్కువ అయింది అందుకేనా!" అంది. "నిన్న రాత్రే అందరికీ ఫోన్లు చేసి గొప్పగా చెప్పుకున్నాను." చివరి రెండు నాజిల్స్ చేతిలోకి తీసుకుని లోపలికి తొంగి చూసింది. రెండూ శుభ్రంగా, ఖాళీగా ఉన్నాయి. "ఈ గది మొత్తంలో నా ప్రయోగం మీ ఇద్దరి మీదే జరిగిందమ్మా," అంది జసింతతో. ఆరోగ్యమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

జసింత వరండాలోకి వెళ్తే బాలశౌరి వెనకే వచ్చాడు.

"మొదటి రోజు నువ్వు టీ ఇచ్చినప్పుడే మోగింది నాది. నీకు వినపడలేదు. ఆ సాయంత్రమే మూసేశాను. నీది మోగుతానే ఉంటే, ఎంత ధైర్యమో ఈ పిల్లకి, దాచుకోవాలని కూడా అనుకోడంలేదు అనుకున్నా. నాకు సిగ్గేసింది జసింతా."

వారం కిందట ఈ మాట వినుంటే ఆమె ఆ వరండా నుంచి అట్టాగే ఆకాశంలోకి ఎగిరిపోయేది. ఇప్పుడు మాత్రం అది వేరెవరికో చెబుతున్న మాటలా ఉంది.

"మూసుకోవచ్చని నాకు తెలీదు," అంది. "ధైర్యం కాదది. నన్నిప్పుడు ఏమీ అడగమాకు."

పాతరకం ఏసీ వచ్చింది. ఇరవై నాలుగు మీద పెట్టారు. ఇరవై పెడదామని ఈసారి అడిగేవాళ్ళే లేరు. ఆరోగ్యమ్మ ఉద్యోగం మానేయలేదు. ఆఫీసు వెనక మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో ఒక మూల చిన్న బల్ల వేయించుకుని, అక్కడే లెక్కలు చూసుకుంటోంది. ఇన్నారెడ్డి గారు వద్దనడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. ఆ ఘాటుకి ఆమె దగ్గుతుంటే గోడ అవతల దాకా వినిపిస్తోంది.

మధ్యాహ్నం జసింత రెండు గ్లాసుల టీ పట్టుకుని ఆ బరువైన ఇనప తలుపు నెట్టింది. పొగలాంటి చలి మొహాన కొట్టింది. పైకప్పు దాకా ఎర్రటి బస్తాలు. వాటి మధ్య, ఒంటికి గోనెపట్టా చుట్టుకుని, మఫ్లరుతో ముక్కు కట్టుకుని, బల్బు కింద ఆరోగ్యమ్మ రాసుకుంటోంది. చేతివేళ్ళు చలికి వంకర్లు పోతున్నాయి. నుదుటి మీద మాత్రం చెమట మెరుస్తోంది.

"పిన్నీ," అంది జసింత. ఎన్నో మాటలు కూడబలుక్కుని వచ్చింది. గ్లాసు ఒకటి ముందుకి చాచింది.

ఆరోగ్యమ్మ తలెత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎవరు వచ్చారో చూసినట్టు చూసి, మళ్ళీ రాసుకోసాగింది.

"తలుపెయ్యవే, చలవంతా పోతంది," అంది.

జసింత టీ గ్లాసులతో గడప మీదే నిలబడిపోయింది. ఆ తలుపు లోపలికి అడుగుపెట్టి వెయ్యాలో, బయటికి వెళ్ళిపోయి వెయ్యాలో ఆమెకి అర్థం కాలేదు.