కత్తికి పెట్టాల్సిన కోడి

మేడ్చల్‌లో నాగపూర్ రోడ్డు పక్కనున్న వెంకటనర్సయ్య ప్రెస్సు తెలియని పెళ్లివారు లేరు. శామీర్‌పేట నుంచి యాప్రాల్ దాకా ఏ ఇంట బాజా మోగినా, శుభలేఖ అక్కడ అచ్చు కావాల్సిందే. ముందు గదిలో సిరా, జిగురు, తడి కాగితం కలిసిన వాసన. వెనక గదిలో కాగితాలు కోసే కటింగ్ మిషన్. అదెంత బరువంటే, దాన్ని దింపిన హమాలీలు నెల రోజులు మంచాలు దిగలేదు. దాని కత్తి ఎంత వాడి అంటే, ఈగ వాలితే రెండు ఈగలై లేచేది.

ఆ కత్తి దగ్గర పని మొగులయ్యది. పది వేళ్లతో ప్రెస్సులో చేరి ఎనిమిదితో మిగిలాడు. అప్పటినుంచి దొంతర కత్తి కింద పెట్టగానే పక్కన చెక్క మీద కొట్టేవాడు. టక్... టక్. "సేతులు పైలం!" అని తనకు తనే చెప్పుకున్నాకే పెడలు తొక్కేవాడు.

ప్రతి దసరాకూ ఆ కత్తి ముందు కోడిని కోసి, రక్తం బొట్టు పెట్టడం ప్రెస్సులో ఆనవాయితీ. పంతొమ్మిది వందల తొంభై నాలుగు దసరాకు మాత్రం వెంకటనర్సయ్య మతి తిరిగింది. ఆ ఏడే కంప్యూటర్ కొన్నాడు మరి. కొత్త పెళ్లికొడుకును చూపించినట్టు దారినపోయే వాళ్లందరినీ ఆపి దాన్ని చూపించాడు. దానికి దండ వేశాడు. కత్తికి పెట్టాల్సిన కోడిని దాని ముందు కోసి, ఆ డబ్బా నుదుట రక్తం బొట్టు పెట్టాడు.

"సేటూ, కత్తి అలుగుతది," అన్నాడు మొగులయ్య.

"అలిగితే అలగనియ్. ఇగ మనకు బువ్వ పెట్టేది గీ డబ్బనే."

ఆకలిగొన్నది విస్తరి ఎక్కడ వేస్తే అక్కడికే పోతుంది. మర్నాడు కంప్యూటర్ మూత తీసిన ఆపరేటర్ నగేష్ వేలు ఎముక దాకా తెగింది. లోపల చూస్తే కత్తి కాదు కదా, గుండుసూది కూడా లేదు. వెనక గదిలో కత్తి మాత్రం ఆ రోజునుంచి పిల్లిపిల్లలా పడి ఉంది.

నగేష్ తలుపు మూసుకుని ఏదో చిన్న ప్రోగ్రామ్ రాశాడు. కంప్యూటర్ లేవగానే అన్నిటికంటే ముందు అదే వచ్చి మెమొరీలో కూర్చునేలా చేశాడు. తర్వాత ఒక కట్టుబాటు పెట్టాడు. కంప్యూటర్ ఆపే ముందు కత్తికి తాళం వెయ్యాలి. కంప్యూటర్ మళ్లీ పూర్తిగా లేచాకే తాళం తియ్యాలి. ఎందుకో చెప్పలేదు. కొన్నాళ్లకు జీతం కూడా అడక్కుండా ఊరొదిలి పోయాడు.

ఆ కుర్చీలోకి అత్వెల్లి పిల్ల సుచిత్ర వచ్చింది. కట్టుబాటు ఎందుకో తెలియకపోయినా, గుడి ముందు చెప్పులు విడిచినట్టు పాటించేది.

మరుసటేడు, ముసురు పట్టిన ఒక సాయంత్రం. సర్పంచి బిడ్డ పెళ్లి కార్డులు తెల్లారేసరికి కావాలి. "కార్డులు గాకపోతే రేపటిసంది నువ్వు సుత రాకు బిడ్డా," అన్నాడు వెంకటనర్సయ్య. కార్డుల కోసం కొత్తగా తెచ్చిన తెలుగు అక్షరాల ప్రోగ్రామ్‌ను సుచిత్ర తెరవబోయింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. మెమొరీ చాలదట.

ఆ కాలపు కంప్యూటర్ మెమొరీ అంటే ఇరుకు కిరాయి గది. కాళ్లు చాపితే గోడ. అందులో ఎవరెవరు కూర్చున్నారో సుచిత్ర చూసింది. మౌస్‌ను నడిపేది ఒకటి, ప్రింటర్‌ను నడిపేది ఒకటి. వాటన్నిటి పైన, ఇంగ్లీషు అక్షరాల్లో 'ఉండు' అని ఒకటి. పనీపాటా లేదు. ఊరికే చోటు పట్టుకుని ఉంది.

"మొగులన్నా, నగేష్ గిదేందో పెట్టిపోయిండు. నీకెర్కనా?"

"నాకూ గా డబ్బకూ మాటల్లేవ్ బిడ్డా. నా కోడిని తిన్నదది."

సుచిత్ర కిసుక్కున నవ్వింది. మొగులయ్య కత్తికి తాళం వేశాడు. కంప్యూటర్ లేచేటప్పుడు చదువుకునే వరుసల్లోంచి 'ఉండు'ను ఆమె చెరిపేసింది. ఆపి, మళ్లీ లేపింది. మెమొరీని లెక్కపెట్టుకుంటూ డబ్బా టిక్ టిక్ మంది. ఈసారి కొత్త ప్రోగ్రామ్ హాయిగా తెరుచుకుంది. బోలెడంత చోటు!

"లేచింది మొగులన్నా! తాళం తియ్!"

తాళం తీసిన చప్పుడు. దొంతర సర్దిన చప్పుడు. టక్... టక్.

"సేతులు పై..."

మాట పూర్తి కాలేదు.

ధన్‌మని నేల అదిరింది. తర్వాత వచ్చిన అరుపుకు ఎదురింటి రేకుల మీది పావురాలన్నీ వానలోకి లేచిపోయాయి. సుచిత్ర పరుగెత్తింది. మొగులయ్య పెడలు తొక్కలేదు. రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి. మణికట్ల దాకా చేతులు మాత్రం కత్తికి అవతల ఉన్నాయి. ఎనిమిది వేళ్లు... ఇంకా కదులుతున్నాయి. తెల్ల కార్డుల మీద నెత్తురు బిందెతో గుమ్మరించినట్టు పారుతోంది. పచ్చి ఇనుము వాసన.

కత్తి లేచింది. మళ్లీ పడింది. ఈసారి మోచేతుల దగ్గర. అది అతన్ని లోపలికి లాక్కుంటోంది... చెరుకుగడను లాక్కున్నట్టు.

వెంకటనర్సయ్య ఉరికొచ్చి మెయిన్ స్విచ్ పీకాడు. లైట్లు పోయాయి. మోటారు ఆగింది. కత్తి ఆగలేదు. తాళం వెయ్యబోతే ఇనుప తాళం వేరుశెనక్కాయలా రెండు చెక్కలైంది. అతను మొగులయ్య నడుము పట్టుకుని బలమంతా పెట్టి గుంజాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. తన ఒళ్లోకి వచ్చిన మనిషి ఎంత తేలిగ్గా ఉన్నాడో తెలిసి, వెంకటనర్సయ్య అక్కడికక్కడే తెలివి తప్పాడు.

మొగులయ్య పెదవులు కదిలాయి.

"సుచిత్రా... దాన్ని... మల్ల లోపట కూసోపెట్టు బిడ్డా..."

కత్తి కింద ఇప్పుడు ఎవరూ లేరు. అయినా లేస్తోంది, పడుతోంది. ఎనిమిది మంది కదిలించలేని ఆ మిషన్ సిమెంటు నేలను గీరుకుంటూ ముందుకు జరిగింది. ఒక జానెడు. మరో జానెడు. ఆమె వైపే.

కంప్యూటర్ బ్యాటరీ మీద నడుస్తోంది. చీకట్లో ఆ తెర ఒక్కటే వెలుగు. సుచిత్ర 'ఉండు' వరుసను మళ్లీ రాసింది. ఆపి లేపింది. టిక్ టిక్ టిక్... ఎంతసేపు లెక్కపెడుతుందే తల్లీ!

మెమొరీ చాలదు.

చాలకపోవడమేమిటి? ఇందాకటిదాకా అందులోనే పట్టింది కదా!

వెనక గది గుమ్మం పగిలింది. అప్పుడర్థమైంది సుచిత్రకు. ఏడాది పస్తున్నది ఇప్పుడు తిన్నది. తిని పెరిగింది.

మౌస్‌ను చెరిపేసింది. ఆపి లేపింది. చాలదు. ప్రింటర్‌ను చెరిపేసింది. చాలదు. కొత్త అక్షరాల ప్రోగ్రామ్‌నూ, దాని కోసం పెట్టినవన్నీ తీసేసింది. వీపు మీద చల్లటి గాలి తగిలింది... కత్తి లేచిన గాలి. టిక్ టిక్ టిక్... ఆమె తల వంచింది. మెడ మీద ఏదో జర్రున జారింది. జడ తెగి ఒళ్లో పడింది.

తెర మీద 'ఉండు' వచ్చింది.

కత్తి ఆమె మెడ మీద వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

ఆస్పత్రికి తీసుకుపోతుంటే మొగులయ్య అల్వాల్ దాటకముందే పోయాడు. మిషన్ మోటారు చెడిందని పోలీసులు రాసుకున్నారు. వెంకటనర్సయ్య దాన్ని ముక్కలు చేయించి పాత ఇనుములో అమ్మాడు. సుచిత్రకు తెలుసు, ఆ కత్తి లేకపోతే దానికి ఇంకో కత్తి. అందుకే ఆ కంప్యూటర్‌ను మళ్లీ ఆపనివ్వలేదు. ఆ రాత్రే ఇంకోటి కూడా చూసింది. మెమొరీలో 'ఉండు' కింద, ఎవరూ పెట్టని చిన్నదొకటి వచ్చి కూర్చుంది. దానికి పేరు లేదు. ఎవరైనా దగ్గర్లో కత్తెర పట్టినా, బ్లేడు పట్టినా డబ్బాలోంచి... టక్... టక్.

రోడ్డు వెడల్పులో ప్రెస్సు పోయినప్పుడు, సుచిత్ర ట్రాక్టరు బ్యాటరీ కట్టి, నడుస్తున్న కంప్యూటర్‌ను నడుస్తున్నట్టే ఆటోలో యాప్రాల్‌లోని అత్తగారింటికి తెచ్చుకుంది. పెనిమిటి కంటే దాన్నే పైలంగా చూసుకుందని వాడకట్టంతా నవ్వింది. నవ్వనియ్ అనుకుంది.

రెండు వేల నాలుగులో ఒక మధ్యాహ్నం బ్యాటరీ కీచుమంటుంటే, పై వాటాలో కిరాయికున్న కాకినాడ వాళ్లబ్బాయి భానుతేజను పిలిచింది. ఇంజనీరింగు చదువుతున్నాడు.

"బ్యాటరీ ఒక్కటే మార్చు బాబూ. ఇంకేం ముట్టకు. జర టీ పట్టుకొస్త."

ఎండలకు స్టవ్ వరండాలోనే పెట్టుకుంది. టీ తెచ్చేసరికి అతను చేతులు దులుపుకుంటున్నాడు.

"అయిపోయిందండీ ఆంటీ. పాపం, మెమొరీ మొత్తం నిండిపోయి ఉక్కిరిబిక్కిరైపోతోంది. అందుకే కాస్త ఖాళీ చేసేశాను."

గ్లాసు జారి పగిలింది.

"ఏం తీసినవ్?"

"ఒక్కటేనండీ. ఊరికే టక్ టక్ మనే చిన్నది. దాన్ని తీయగానే... పైనున్న పెద్దది, 'ఉండు' అనేది, దానంతటదే వెళ్లిపోయింది."

వంటింట్లోంచి వినబడింది. టక్... టక్.

ఆ వెంటనే ఈలపీట కత్తి మీద ఏదో కోస్తున్న చప్పుడు. కరక్. కరక్. తాపీగా.

"అత్తా! సేతులు తియ్!" అని అరిచింది సుచిత్ర.

గేటు కిర్రుమంది. అత్త యాదవ్వ సంచి మోసుకుంటూ వీధిలోంచి లోపలికొచ్చింది.

"అబ్బ, ఏం ఎండ! ఇంట్ల ఒక్క కూరగాయ లేదని నువ్వే తోలితివి," అంటూ చెప్పులు విడిచి, చెవి రిక్కించింది. "మరి వంటింట్ల ఏం కోస్తుండ్రే?"