దీపాలు కొండెక్కించు

పొద్దుటి కాఫీ గొంతు దిగకముందే సీనియమ్మాళ్ ఇంట్లో కాగితాల గలగల మొదలయ్యేది. తమిళనాడు కోవిల్‌పట్టిలో ఆ వీధి ఆడవాళ్ళంతా ఒకప్పుడు ఇంటి దగ్గర అగ్గిపెట్టెలు అతికించి బతికినవాళ్ళే. యంత్రాలు వచ్చి ఆ పనిని ఎత్తుకుపోయాక కొందరు మిల్లుకు పోయారు, కొందరు కూలికి పోయారు. సీనియమ్మాళ్ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. శివకాశి అచ్చాఫీసుల్లో మిగిలిన రంగు కాగితం ముక్కలు తెప్పించుకుని, అగ్గిపెట్టెలు మడిచిన వేళ్ళతోనే బుల్లి బుల్లి కాగితం పెట్టెలు మడవడం పట్టుకుంది. ఒక్కో పెట్టెలో ఒక్కో బల్బు దూర్చి, వైరు పొడుగునా వరసగా కడితే అవే సీరియల్ దీపాలు. గుడి పండగలకూ పెళ్ళి పందిళ్ళకూ లైట్ల కొట్టువాళ్ళు తీసుకుపోయేవాళ్ళు.

ఆ పెట్టెలో ఒక తమాషా ఉంది. మడత అంతా అయ్యాక కూడా అది అప్పడంలా అణిగే ఉంటుంది. మూలనున్న చిల్లులో నోరు పెట్టి ఊదితే టప్పున పొంగి పెట్టె అవుతుంది. ఆ ఊదే పని ఆమె భర్త పాల్‌పాండిది. అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి మందు కలిపి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. మంచం దిగాలంటే ఒకరు పట్టుకోవాలి.

"ఉండే కొంచెం ఊపిరీ కాగితంలోకి ఊదేస్తావా? డాక్టరు ఏమి చెప్పినాడు నీకు?" అని సీనియమ్మాళ్ రోజూ గదమాయించేది.

"లోపల పెట్టుకొని నేనేమి చేసేది? దగ్గి దగ్గి పారబోసేది దానే. దీంట్లో పోస్తే పండగనాడు వెలుగుతాది," అని అతను రోజూ అదే జవాబు చెప్పేవాడు.

అది రెండువేల రెండో సంవత్సరం, పంగుని నెల, ఎండలు ముదురుతున్న రోజులు. విరుదునగర్ అమ్మవారి పొంగలి పండగకు దీపాలు కావాలని కొట్టువాళ్ళు తొందరపెడుతున్నారు. ఆ విరుదునగర్ నుంచే ఆ ఇంటికి కోడలు వచ్చింది. పేరు మారిసెల్వి. కొడుకు ఇసక్కిరాజా మిల్లులో చూసి మనసుపడి కట్టుకున్న పిల్ల. వాళ్ళింట్లో తమిళం తప్ప ఇంకో మాట లేదు. పెళ్ళయి ఏడాది తిరగలేదు, అయినా తరతరాలుగా అత్తింట్లో మాట్లాడే తెలుగు నేర్చుకోవాలని పిల్లకు ఎంత ఆశో! గురువు మంచంలో ఉన్న మామగారు. వాళ్ళ తెలుగులోనూ తమిళం కలిసిపోయింది, 'నేనే' అనాలంటే 'నేను దా' అంటారు.

"ఏమే పిల్లా, 'మూట బస్సు ఎక్కించు' అంటే ఏమి?"

"బస్సుల ఏత్తు, మామా."

"అంతే దా! మీ ఏత్తు దా మా ఎక్కించు. మరవద్దు."

"చచ్చినా మరవను, మామా," అని మారిసెల్వి నవ్వింది. పాల్‌పాండి కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ పిల్లే లేచి వీపు నిమిరింది.

సీనియమ్మాళ్ మంచి అత్తగారే. తిండి దగ్గర, బట్ట దగ్గర తేడా చూపలేదు. ఒక్కటే పట్టింపు. దేవుడి మూల, అక్కడి దీపం తనవి. కోడలిని ఆ దరికి రానిచ్చేది కాదు. వెలిగించడం తనే, పువ్వుతో ఒత్తిని అణచడం తనే. 'ఆర్పు' అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. నిప్పును నమ్ముకుని బతికే ఊళ్ళో పుట్టిన మనిషి, ఆ మాట వింటేనే చెవులు మూసుకునేది. కరెంటు బల్బయినా సరే, ఆమెకు అది దీపమే.

ఆ పొద్దున కొత్త దీపాల తీగను పాల్‌పాండి మంచం పైనున్న దండేనికి కట్టి, వెలుగుతున్నాయో లేదో చూశారు. ఎర్రా పచ్చా నీలం, పెట్టెలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అంతలోనే కరెంటు పోయింది. మారిసెల్వి అలవాటుకొద్దీ లేచి స్విచ్చు తీసేసింది. అప్పటికే సీనియమ్మాళ్ తయారైన కట్టలు బుట్టలో సర్దుకుంటోంది, అది చూడలేదు. వీధి చివర నీళ్ళ లారీ హారన్ మోగింది. కోవిల్‌పట్టిలో ఆ హారన్ వింటే ఉన్నపళంగా బిందెలు పట్టుకుని పరిగెత్తాల్సిందే.

బుట్ట నెత్తిన పెట్టుకుని గడప దాటుతూ సీనియమ్మాళ్ కేకేసింది. "మారిసెల్వీ, దీపాలు కొండెక్కించి పోవే నీళ్ళకు!"

"సరి, అత్తా!"

ఆమె లైట్ల కొట్టులో కట్టలు అప్పగించి తిరిగి వచ్చేసరికి వీధిలో జనం. ఇంట్లోంచి నల్లటి పొగ. కరెంటు వచ్చింది, బల్బులు వేడెక్కాయి, ఎక్కడో ఒక పెట్టె అంటుకుంది. అక్కణ్ణుంచి తీగ తీగంతా మంచం మీదికి రాలింది. ఎవరు పట్టుకున్నా ఆగకుండా సీనియమ్మాళ్ లోపలికి దూరి, మండుతున్న కాగితాన్ని రెండు చేతులతో లాగి పారేసింది. పాల్‌పాండి ఒంటిమీద పెద్దగా కాలలేదు. పొగ చాలు ఆ ఊపిరితిత్తులకు. ఆసుపత్రికి పోయే దారిలోనే ఆటోలో ప్రాణం పోయింది.

పాడె లేచిన తరువాత ఇసక్కిరాజా భార్యను నిలబెట్టి అడిగాడు. "స్విచ్చు ఎవరు వేసినది?"

"నేను దా వేస్తిని," అంది మారిసెల్వి. "అత్త వేయమనె."

గోడకు ఆనుకుని కూర్చున్న సీనియమ్మాళ్ తల ఎత్తింది. "నేనా? నేనా వేయమంటిని?"

"మీరు దానే, అత్తా. పోతా పోతా చెప్పితిరే!"

"మనిషిని మింగినది చాలక నా నెత్తిన వేస్తావా? మరచిపోయి వేస్తినని చెప్పు, నేను ఏమీ అనను. అబద్ధం ఆడవద్దే, పాపిష్టిదానా!"

"దేవుడి మీద ఆన, అత్తా, మీరు దా..."

మాట పూర్తికాకముందే ఇసక్కిరాజా చెయ్యి లేచింది. ఆ సాయంత్రమే ఆ పిల్లను విరుదునగర్ బస్సెక్కించేశాడు.

సీనియమ్మాళ్‌కు తిండి సహించలేదు. చేతులకు కట్లు. ఒకరు నోట్లో పెడితే మింగేది, లేకపోతే లేదు. పాల్‌పాండి పడుకున్న చోట వెలిగించిన దీపం వైపే చూస్తూ ఉండేది. పొరపాటు చేసి ఉంటే కడుపులో పెట్టుకునేది. మనుషులకు పొరపాట్లు రావా? కాని ఆ అబద్ధాన్ని ఎట్లా మింగాలో ఆమెకు తెలియలేదు. ఇన్నాళ్ళూ బిడ్డలా చూసుకున్నందుకు ఇదా ఫలం అని కుమిలిపోయింది.

కరుమాది, అంటే పెద్దకర్మ, దగ్గర పడింది. "మారిసెల్వి రాకూడదు. వాళ్ళ ఇంటినించి ఎవరూ రాకూడదు. అంతటితో తీరిపోయె," అన్నాడు ఇసక్కిరాజా.

"నేను పోయి చెప్పి వస్తాను," అంది సీనియమ్మాళ్. "నా మొగం చూసి ఆ అబద్ధం ఇంకోసారి చెప్పనీ."

విరుదునగర్‌లో ఆమె బస్సు దిగేసరికి పొద్దు వాలింది. మారిసెల్వి తల్లి పొన్నుత్తాయి వాకిట్లో చూసి కంగారుగా లేచి చాప పరిచింది. సీనియమ్మాళ్ కూర్చోలేదు. లోపలినుంచి వచ్చిన మారిసెల్విని చూస్తే గుర్తుపట్టేలా లేదు, చీపురుపుల్లలా అయిపోయింది.

"అత్తా... చేతులు..." అని దగ్గరికి రాబోయింది.

"దూరంగా నిలబడు. కరుమాదికి మీరు ఎవరూ రావద్దు. అది చెప్పేదానికి వస్తిని."

పొన్నుత్తాయి తమిళంలో బతిమాలింది. పిల్ల అన్నం ముట్టడం లేదనీ, నిద్రలో మామా మామా అని లేస్తోందనీ ఏడ్చింది. సీనియమ్మాళ్ కరగలేదు. ఇల్లంతా చీకటి కమ్ముకుంటోంది. కళ్ళు తుడుచుకుంటూనే పొన్నుత్తాయి కూతురితో అలవాటుగా అంది. "మారీ, విళక్కు ఏత్తు."

మారిసెల్వి అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది. ఆ పిల్ల చేతిలో నిప్పు చూడగానే సీనియమ్మాళ్‌కు ఒళ్ళు మండింది.

"ఇప్పుడు చెప్పవే, దీపం ముందర చెప్పు. నేను ఏమి చెప్పితిని? ఆ మాట చెప్పు, ఉన్నదున్నట్టు!"

ఇన్నాళ్ళలో ఆ మాట ఏమిటని ఎవరూ అడగలేదు. మారిసెల్వి చేతులు జోడించి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "దీపాలు కొండెక్కించి పోవే నీళ్ళకు. అప్పిడి దా చెప్పితిరి, అత్తా."

"ఔను. అదే చెప్పితిని. చెప్పితే?"

"మా తమిళంలో కొండై అంటే సిగ గదా అత్తా, తలపైన. పైన కట్టిన దీపాలు అనుకొంటిని. ఎక్కించు అంటే ఏత్తు. మామ దా నేర్పిచ్చె. కరెంటు లేనప్పుడు ఎందుకు వేయమంటారో తెలియలే. పెద్దవాళ్ళు చెప్పితే సరి అని, తీసిన స్విచ్చును మళ్ళా వేసి పోతిని."

సీనియమ్మాళ్ ఎదురుగా వెలుగుతున్న దీపాన్ని చూసింది. విళక్కు ఏత్తు. ఇప్పుడే గదా విన్నది! దీపం వెలిగించమని తను కూడా కొట్టుల్లో, వీధిలో పుట్టినప్పటినుంచీ ఆడుతున్న తమిళం మాటే. కొండెక్కించు, ఏత్తు. తన నోటినుంచి బయలుదేరిన మాట ఆ పిల్ల చెవికి చేరేసరికి తిరగబడిపోయింది.  పొన్నుత్తాయి పరిచిన చాప మీద ఆమె కూలబడింది.

"దీపం కొండెక్కేది అంటే... మా ఇంట్లో అనేది నువ్వు ఎప్పుడూ వినలేదా?"

"దీపం దగ్గర నన్ను రానియ్యలేదే, అత్తా," అంది మారిసెల్వి. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్న మాట చెప్పింది. "కొండెక్కేది అంటే ఏమి?"

 పొన్నుత్తాయి కూడా వినేలా సీనియమ్మాళ్ మెల్లగా, తమిళంలో చెప్పింది. దీపాన్ని కుళిరవెట్టడం, అంటే చల్లార్చడం అని.

మారిసెల్వి రెండు చేతులతో నోరు మూసుకుంది. "నిలపమని దానా చెప్పితిరి? అయ్యో మామా! నేను దా... నేను దా చంపుకొంటినా!"

"నువ్వు కాదే! నేను చంపుకొంటిని. నా మాట చంపె. నా మడి చంపె!" సీనియమ్మాళ్ కట్లు కట్టిన చేతులతో నెత్తి కొట్టుకుంది. ఇంతవరకూ కోడలిమీద కోపమైనా ఆసరాగా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. పోయిన మనిషి ఉత్తపుణ్యానికి, ఒక్క మాటకు పోయాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే పొన్నుత్తాయి వాళ్ళ పక్కన కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కరుమాదినాడు మారిసెల్వి ఇంట్లోకి వచ్చినప్పుడు ఇసక్కిరాజా తల ఎత్తలేదు. తల్లి అంతా చెప్పింది. భార్య చేతిలోని సంచి అందుకుని లోపల పెట్టాడు, పెరట్లోకి పోయి నిలబడ్డాడు.

సాంగ్యాలు అయ్యాయి. పాల్‌పాండి పడుకున్న చోట ఇన్నాళ్ళూ వెలిగిన దీపాన్ని ఇక తీసేయాలి. అది ఇంటి పెద్దమ్మ చేయాల్సిన పని, ఆమె చేతులకేమో కట్లు. చుట్టాలంతా చూస్తుండగా సీనియమ్మాళ్ కోడలిని పిలిచింది. మారిసెల్వి భయం భయంగా దీపం ముందు కూర్చుంది. చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఏమి చేసేది అత్తా? సరిగా చెప్పండి."

సీనియమ్మాళ్ నోటిదాకా పాతమాటే వచ్చింది. దాన్ని మింగేసింది.

"ఆర్పమ్మా," అంది.

"ఏమి మాట అది, ఈ ఇంట్లో!" అని వెనకనుంచి ఒక ముసలామె గుండె పట్టుకుంది.

"ఆర్పు, తల్లీ. మీ మామ ఊదినట్టు ఊది ఆర్పు."

మారిసెల్వి వంగి ఊదింది. మొదటిసారి ఏడుపు అడ్డొచ్చింది, ఊపిరి చాల్లేదు. రెండోసారికి ఆరిపోయింది. సన్నటి పొగ లేచి ఇల్లంతా ఆ వాసన నిండింది. అది ముక్కుకు సోకగానే అత్తా కోడలూ ఇద్దరూ వణికిపోయారు. కోడలి కళ్ళు తుడవాలని సీనియమ్మాళ్ చెయ్యెత్తింది, కట్లలోంచి వేళ్ళు కదల్లేదు. మోచేత్తోనే ఆ పిల్ల తలను ఒళ్ళోకి లాక్కుంది.