వందో పేషెంటు

"సాయంత్రం ఐదు లోపు వందో పేషెంటు. లేకపోతే ట్రయల్ క్యాన్సిల్," అన్నాడు ఫోన్లో చీఫ్. "కోడ్?"

"గొర్రె దొడ్లో పడింది."

"వెళ్లు."

భుజాన గొంగళి సర్దుకుని ఏజెంట్ జాషువా మార్కాపురంలో డాక్టర్ రాధాకుమారి పళ్ల క్లినిక్‌లో అడుగుపెట్టాడు. ఆవిడ కనిపెట్టిన ప్యాచ్ కంటికి ఆనని పల్చటి పొర. అంగిలిని పొడిగా తుడిచి అంటించి రెండు నిమిషాలు ఆగితే సూది గుచ్చినా తెలియదు. ట్రయల్‌లో ఇప్పటికి తొంభై తొమ్మిది మందికి తెలియలేదు. ఖరీదైన మత్తు మెషీన్లు అమ్ముకునే విదేశీ ముఠాకి అది పక్కలో బల్లెమైంది. జనం సూదికి భయపడితేనే వాళ్లకి గిరాకీ. ఇంత నీచపు వ్యాపారం జాషువా ఎక్కడా చూడలేదు.

పుల్లలచెరువు గొర్రెల కాపరి నాగయ్యగా ఫారం మీద వేలిముద్ర వేశాడు. ఆ వెంటనే ఎవరో దొంగ ఫోన్ చేసి డాక్టర్‌ని బయటికి పిలిచారు. లోపలి గదిలో పొగ వాసన. ప్యాచ్‌లన్నీ ట్రేలో కాలిపోతున్నాయి. ఒక్కటి మిగిలింది. దూదితో అంగిలి తుడుచుకుని అంటించుకున్నాడు. ప్యాచ్ పడిందన్న గుర్తుగా, గొంగళి అంచులో దాచిన కెమెరాకి కోడ్ చెప్పాడు.

వెనక హైహీల్స్ చప్పుడు. నర్సు యామిని. ఎర్ర లిప్‌స్టిక్, చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"కూర్చో నాగయ్యన్నా. పుల్లలచెరువు బోరు నీళ్లు తాగినోళ్ల పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. నీవేంది, ఇంత తెల్లగున్నాయి?"

జాషువాకి తన మీదే అసహ్యమేసింది. గొంగళి, కర్ర, ఆఖరికి గొర్రెల వాసన కూడా తెచ్చుకుని, పళ్లకి రంగు మరిచాడు.

ఆమె అతన్ని కుర్చీకి కట్టేసింది. "ఆఖరి ప్యాచ్ యాడ?"

నాలుగూ యాభై ఆరు. రెండు నిమిషాలు మాట్లాడించాలి.

"చెప్తా. నువ్వెందుకు అమ్ముడుపోయావ్?"

"చిన్నప్పుడు మా నాయన నన్ను అదిమి పట్టుకుంటే అంగిట్లో సూది పొడిచినారు. అరిచి అరిచి గొంతు పోయింది. నేను పడినాను. మిగతావాళ్లు గూడా పడాల."

ప్యాచ్ జాడ కక్కించాలని ఆమె అతని దవడ నొక్కి నోరు తెరిపించి, మందు లేని ఉత్త సూది అంగిట్లో దించింది.

అతను పిడికిళ్లు బిగించి నొప్పి కోసం చూశాడు. రాలేదు.

యామిని చెయ్యి ఆగిపోయింది. "నోట్లోనే పెట్టుకున్నావా?"

పిస్టల్ ఎత్తింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నారు. వెనక డాక్టర్ రాధాకుమారి, చేతిలో ఫోన్, అందులో కెమెరా దృశ్యం.

"బయట నిలబడి చూస్తున్నారా?" జాషువా పళ్లు కొరికాడు.

"రెండు నిమిషాలు కాకముందే వస్తే ట్రయల్ చెడిపోదా నాయనా? పదికి నొప్పి ఎంత?"

"సున్నా."

"కోపం?"

"పది."

కోపానికి ఫారంలో గడి లేదు. ఆవిడ సున్నా వేసి, 'సూది గుచ్చినవారు' అన్నచోట 'నర్సు యామిని' అని రాసి, నాలుగూ యాభై తొమ్మిదికి పంపింది. కింద ఒక్క ముక్క చేర్చింది: 'చెయ్యి బాగా కుదిరింది.'