మెనూలో మూడో లైను

"నేనేం చెయ్యలేదండీ. దానంతట అదే పోయింది."

తడిసిన గొడుగు మడుస్తూ, రిపేరు షాపు కౌంటరు మీద లాప్‌టాప్ పెడుతూ ఆమె అన్న మొదటి మాట ఇది. మొదటి మాటే అబద్ధం. పైగా, అవతలున్న మెకానిక్ రోజుకు పదిసార్లు వినే అబద్ధం.

అతను లాప్‌టాప్ ముట్టుకోలేదు. ఒక చీటీ, పెన్ను ఆమె ముందుకు జరిపాడు. చీటీ మీద ఒకటే ప్రశ్న అచ్చువేసి ఉంది. 'చెడిపోయే ముందు చివరగా మీరేం చేశారు?'

"ఇది రాశాకే మిషన్ ముట్టుకుంటాను. షాపు పద్ధతండీ."

"డాక్టర్లు కూడా ఇంత పరీక్ష పెట్టరు!"

"నొప్పి ఎక్కడో పేషెంటు చెప్పుకుంటాడు. ఇది చెప్పుకోలేదు కదా, దీని తరఫున మీరే చెప్పాలి."

ఆమె మూతి ముడిచి, 'ఏమీ చెయ్యలేదు' అని గుండ్రంగా రాసిచ్చింది. అతను ఆ చీటీ చూశాడు, ఆమె మొహం చూశాడు. ఆ చూపు ఆమెకు అస్సలు నచ్చలేదు. చూపు నచ్చలేదు గానీ కళ్ళు బాగానే ఉన్నాయి అనిపించి, తనమీద తనకే ఒళ్ళు మండింది.

ఆమె వినికిడి లేని పిల్లల బడిలో బొమ్మల టీచరు. ఏ మాటకు చేతులతో ఏ సైగ చెయ్యాలో చూపే బొమ్మలు రెండేళ్ళపాటు కూర్చుని నూట నలభై గీసింది. అవన్నీ ఈ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. సాయంత్రం నాలుగింటికల్లా ప్రెస్సుకు చేరకపోతే ఈ ఏడాది పిల్లల చేతికి పుస్తకం రాదు. ఆ రోజు పొద్దున డిస్క్ నిండిపోయిందని తెరమీద గోల మొదలైతే, చోటు కోసం వెతికింది. డిస్క్‌లో పేరూ ఊరూ లేని పెద్ద భాగం, అదే పార్టిషన్, ఒకటి కనిపించింది. ఎవరూ వాడట్లేదు కదా అని డిలీట్ కొట్టేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసేసరికి నల్లటి తెర, దానిమీద 'అలాంటి పార్టిషన్ లేదు' అని ఇంగ్లీషులో ఒక లైను. గొడుగు పట్టుకుని షాపుకు పరుగెత్తుకొచ్చింది.

ఇప్పుడు మెకానిక్ కూడా ఆ లైనే చదువుతున్నాడు.

"ఇందులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయా?"

"అవును. నాదొకటి, మా తమ్ముడిదొకటి. ఆన్ చెయ్యగానే ఎవరిది కావాలో మెనూ వస్తుంది."

"ఏమీ చెయ్యకుండానే ఇలా అయిందంటే డిస్కే పాడవుతోందేమో. అలాంటప్పుడు ముందు మొత్తం కాపీ తీసుకోవాలి, ఆ తర్వాతే దేనిమీదైనా చెయ్యి వెయ్యాలి."

పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ తెరిచి కాపీ మొదలుపెట్టాడు. 'ఇంకా ఆరు గంటలు' అంది తెర. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఆమె వేళ్ళమీద లెక్కపెట్టింది, సాయంత్రం అయిదున్నర.

ఇంటికి పెద్దకూతురు. చిన్నప్పటినుంచి ఏం పగిలినా తమ్ముడి మీదకు తోసెయ్యడమే అలవాటు. ఇప్పుడు పక్కన తమ్ముడు కూడా లేడు. ఇరవై నిమిషాలు ఓపిక పట్టింది. ఇక పట్టలేకపోయింది.

"ఏవండీ... ఆ చీటీ ఓసారి ఇస్తారా?"

'ఏమీ చెయ్యలేదు' కొట్టేసి, కింద నిజం రాసింది. రాస్తున్నంతసేపూ తల కొట్టేసినట్టయింది. అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. చదవగానే కాపీ ఆపేశాడు.

"ఆ ఖాళీలో మళ్ళీ ఏమైనా పెట్టారా? మీ భాగంలో కలిపేశారా?"

"కలపబోయాను. ఏదో హెచ్చరిక వచ్చింది. భయమేసి ఆపేశా."

"ఆ భయానికో దండం పెట్టుకోండి. ఆ మెనూ ఉండేది మీ తమ్ముడి భాగంలో. అది పోయేసరికి ఎవరిది తెరవాలో అడిగే దిక్కులేక మీ భాగమూ తెరుచుకోవట్లేదు. మీ బొమ్మలకేం కాలేదు. మీ తమ్ముడివి కూడా పోలేదు, హద్దులు రాసి ఉండే పట్టికలో ఒక వరుస చెరిగిందంతే. పాత హద్దు వెతికి మళ్ళీ రాద్దాం."

"మరి... తిట్టరా?"

"నిజం రాసినవాళ్ళని తిడితే రేపటినుంచి ఎవరు రాస్తారండీ?"

హద్దు వెతకడానికి గంట పట్టింది. బయట వాన తగ్గలేదు, లోపల మాటలూ తగ్గలేదు. ఆమె చీటీ వెనక అతని బొమ్మ వేసింది, కనుబొమలు ముడిచి తెరకేసి చూస్తున్నట్టు.

"నేనింత చిరాగ్గా ఉంటానా?"

"చీటీ చేతికిచ్చినప్పుడు ఇంతకన్నా ఘోరం."

ఒంటిగంటకు లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. మెనూ వచ్చింది. అక్క లైను, తమ్ముడి లైను. అతను అక్క లైను నొక్కాడు. ఒకటి కాదు రెండు కాదు, నూట నలభై బొమ్మలూ ఉన్నాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బడి అలవాటుకొద్దీ, వేళ్ళు గడ్డానికి ఆనించి అతనివైపు చాపింది.

"అంటే ఏంటండీ?"

"థాంక్స్," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా పిల్లల భాషలో. మీకు నూట నలభైమార్లు చెప్పాలి."

నాలుగింటికి పది నిమిషాలుండగా బొమ్మలు ప్రెస్సుకు చేరాయి. ఆ సాయంత్రమే తమ్ముడి దగ్గర కూడా ఒప్పేసుకుంది. వాడు నోరెళ్ళబెట్టాడు. "నువ్వు తప్పు ఒప్పుకున్నావా? అక్కా, ఎవరే ఆ మహానుభావుడు?"

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు, తొలి కాపీతోపాటు లాప్‌టాప్ కూడా పట్టుకుని మళ్ళీ షాపుకు వెళ్ళింది.

"మళ్ళీ ఎర్రర్ వచ్చిందా?" అతని మొహంలో కంగారుకన్నా సంతోషమే ఎక్కువ కనబడింది.

"మీరే చూడండి."

ఆన్ చేశాడు. మెనూలో మూడు లైన్లున్నాయి. మూడోది 'మెకానిక్ గారు'. దాన్ని నొక్కాడు. తెర నల్లబడి, 'అలాంటి డివైస్ లేదు' అంది.

అతను చీటీ ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఈసారి మూతి ముడవలేదు. తిన్నగా రాసిచ్చింది.

'మీకు కూడా మా దగ్గర ఒక చోటుండాలనిపించింది. లైనైతే రాశాను గానీ దాని వెనక మీరు లేరు. అందుకే తెరుచుకోవట్లేదు. మీరంటే నాకిష్టం. ఇది నిజం.'

అతను రెండుసార్లు చదివాడు. "ఇంట్లో తెలుసా?"

"ఆ లైను రాయడం నేర్పిందే మా తమ్ముడు. ఆదివారం భోజనానికి తీసుకురమ్మంది అమ్మ."

అతను సొరుగు లాగాడు. పైనే పాత చీటీ ఉంది, తన చిరాకు మొహం పైకి కనబడేలా. దాని పక్కన కొత్తది జాగ్రత్తగా పెట్టాడు. వేళ్ళు గడ్డానికి ఆనించి, మెల్లగా ఆమెవైపు చాపాడు.

ఆమె ఆ చేతిని అక్కడే పట్టుకుంది.