మూడో జడ్జి ఓటు

ఆదివారం చర్చి నుంచి రాగానే మార్లిస్ పొయ్యి మీద పాన్‌కేకులు వేయడం మొదలుపెట్టింది. చర్చికి రానని పడుకున్న కూతురు కారిన్ అప్పుడే లేచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. తండ్రి లియోన్ కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి తన బోరు లారీని చూస్తున్నాడు. మా చుట్టుపక్కల పొలాల్లో సగం బోర్లు అతను వేసినవే.

"రెండైనా తిను. నిన్నంతా కాఫీ మీదే ఉన్నావు" అంది తల్లి.

"ఆకలి లేదమ్మా."

"ఇరవై ఇద్దరిలో మూడో స్థానమంటే తక్కువా?"

"మూడో స్థానానికి చప్పట్లు కొడతారమ్మా, అంతే. వెళ్లేది ఇద్దరే."

పశ్చిమ కాన్సస్‌లో డిబేట్ పిచ్చి కొంచెం ఎక్కువే. నిన్న జరిగింది జిల్లా పోటీ. పిల్లలు ఒకరికి ఎదురుగా ఒకరు నిలబడి వాదిస్తారు. రెండుసార్లు ఓడితే ఇంటికి. చివరికి మిగిలిన ఇద్దరే జూన్‌లో జాతీయ పోటీకి వెళతారు. ఏ వైపు వాదించాలో నాణెం ఎగరేసి తేలుస్తారు. అందుకే పదిహేడేళ్ల పిల్లలు పొద్దున ఒక మాట చెప్పి, మధ్యాహ్నం సరిగ్గా దానికి ఎదురు మాట అంతే గట్టిగా చెబుతారు. కొత్తవాళ్లకు ఇది గారడీలా అనిపిస్తుంది. నాకు మాత్రం, ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పగలిగే ఈ పిల్లలను చూస్తే ముచ్చటేస్తుంది. మా పెద్దవాళ్లలో ఎవరికీ ఆ విద్య రాదు.

కారిన్‌కు ఇది నాలుగో ఏడు, బడిలో ఆఖరి ఏడు. ఇంక జిల్లా పోటీ లేదు.

పిల్లలను పంపే ప్రతి బడీ జడ్జీలను కూడా తేవాలి. ఒక్క జడ్జి తగ్గినా ఆ లెక్కన పిల్లల పేర్లు కొట్టేస్తారు. ఈసారి కారిన్ బడికి ఒకరు తగ్గారు. కూతురి పేరు పోకూడదని లియోన్ పెళ్లిళ్లకు వేసుకునే కోటు తొడుక్కుని జడ్జిగా వెళ్లాడు. సొంత బడి పిల్లల వాదనకు తప్ప దేనికైనా కూర్చోవచ్చు.

"కారిన్" అన్నాడు లియోన్, కిటికీ వైపు నుంచి తిరిగి. "నీకొకటి చెప్పాలి."

మార్లిస్ చేతిలో గరిటె ఆగింది. "ఇప్పుడా లియోన్? పిల్లని ముందు తిననీ."

"తర్వాతైతే చెప్పలేను." అతను కప్పు బల్ల మీద పెట్టాడు. "నీకు వాదన లేకుండా ఊరికే కూర్చోబెట్టిన రౌండు ఉంది చూడు. రోజెలియోకీ బ్రిడ్జెట్‌కీ జరిగింది. అందులో మూడో జడ్జిని నేనే."

కారిన్ తల ఎత్తింది. అప్పటికి మిగిలింది ముగ్గురే. కారిన్, రోజెలియో చెరోసారి ఓడారు. బ్రిడ్జెట్ ఒక్కసారీ ఓడలేదు. ఆ రౌండులో రోజెలియో ఓడితే అతను ఇంటికి పోయేవాడు, కారిన్ నోరు విప్పకుండానే జాతీయ పోటీకి వెళ్లేది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి ఓట్లతో రోజెలియో గెలిచాడు. ఆ తర్వాతి రౌండులో కారిన్‌ను ఓడించాడు.

"నువ్వు వాడికి వేశావా?"

"వేశాను."

"బ్రిడ్జెట్‌కి వేసి ఉంటే నేను వెళ్లేదాన్ని. తెలుసా నీకు?"

"తెలుసు. బయట నీ కోచ్ వేళ్ల మీద లెక్క వేసి చెబుతుంటే విన్నాను."

"విని కూడా వేశావు." కారిన్ తండ్రి వైపు పూర్తిగా తిరిగింది. "వాడు వాదించింది బోర్ల మీద ఆంక్షలు పెట్టాలని. నువ్వు జన్మలో ఒప్పుకోని మాట. నీ పొట్ట కొట్టే మాట నాన్నా అది. దానికి వేసి నన్ను ముంచావు."

"నాలుగేళ్లుగా శనివారాలన్నీ బస్సుల్లో తిరిగింది పిల్ల" అంది మార్లిస్ మెల్లగా. "కన్నతండ్రివి, ఆ ఒక్క చోట కొంచెం గుడ్డిగా ఉంటే ఏం పోయేది?"

లియోన్ లోపలికి వెళ్లి పసుపు కాగితాల పుస్తకం తెచ్చి కూతురి ముందు పెట్టాడు. వాదనలు వింటూ జడ్జి రాసుకున్న కాగితాలు. బ్రిడ్జెట్ మాటలు నీలంలో, రోజెలియో మాటలు ఎరుపులో.

"నువ్వు నేర్పినట్టే రాశాను. నాకు ఏది నచ్చిందో కాదు, ఆ గదిలో ఏం చెప్పారో దానికే ఓటు అన్నావు. చూడు. బ్రిడ్జెట్ గెలిచే దారి దొరికితే చూపించు, నీ కాళ్లు పట్టుకుంటాను."

కారిన్ విసురుగా కాగితం లాక్కుంది. "దొరక్కేం. భూమి నాది, కింది నీళ్లు నావి. మొదటి మాటే అది. గట్టి మాట."

"గట్టిదే. నేనూ తలాడించాను. ఇప్పుడు ఎరుపు చదువు."

"పక్క పొలం వాడిదీ అదే నీరు. నీ మోటారు తోడితే అతని బావి ఎండుతుంది. మరి అతని హక్కు ఏమైంది?" కారిన్ వేలు నీలం వరస మీదకు జారింది. "తోడినవాడితో నష్టం కట్టిస్తారని చెప్పి ఉంటుంది. అందరం అదే చెబుతాం."

"ఎక్కడుంది?"

"నువ్వు రాసుకోలేదేమో."

"ఆ అమ్మాయి దగ్గిన దగ్గు కూడా రాశాను."

మార్లిస్‌కు నవ్వొచ్చింది, ఆపుకుంది. కారిన్ రెండో పేజీ తిప్పింది, మూడోది తిప్పింది, మళ్లీ మొదటికి వచ్చింది. నీలం వరసలో నాలుగైదు చోట్ల పెన్సిలుతో సున్నాలు చుట్టి కొట్టేసి ఉన్నాయి. ఒక చోట కాగితం చిరిగింది.

"ఇవేంటి?"

"వెతికాను" అన్నాడు లియోన్. "మిగతా ఇద్దరూ అయిదు నిమిషాల్లో ఓటు కాగితాలు ఇచ్చేసి వెళ్లారు. నేను అరగంట కూర్చున్నాను. ఓట్ల లెక్క చూసే ఆవిడ రెండుసార్లు వచ్చి తలుపు కొట్టింది. ఆ ప్రశ్నకి బ్రిడ్జెట్ ఎక్కడైనా జవాబు చెప్పిందేమో, ఒక్క ముక్కైనా ఉందేమో అని. నీ కోసమే వెతికాను తల్లీ. లేదు."

ఆ తండ్రి అరగంట పడిన యాతన ఆ చిరుగులో కనిపిస్తోంది. కారిన్ దాన్ని వేలితో సరిచేసింది. కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. కళ్లలో నీళ్లు కాగితం మీద పడకుండా పక్కకు తిరిగింది.

"నేనైనా రోజెలియోకే వేసేదాన్ని" అంది.

కాగితం మెల్లగా బల్ల మీద పెట్టింది. మళ్లీ ఆమే అంది. "నాతో రౌండులో నాణెం నాకు బ్రిడ్జెట్ వాదించిన వైపే ఇచ్చింది నాన్నా. వాడు నన్నూ అదే అడిగాడు. నష్టం కట్టిస్తారన్నాను. నీళ్లు అయిపోయాక దేనితో కడతారన్నాడు. నిలబడిపోయాను. ఓడింది నీ ఓటు వల్ల కాదు. నాకు జవాబు రాలేదు."

లియోన్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. పెద్ద మొరటు చేయి కూతురి తల మీద వేశాడు.

"నాకు ముప్పై ఏళ్లుగా రాలేదు" అన్నాడు. "బోరు వేసిన ప్రతిసారీ పక్క పొలం వైపు చూడకుండా లారీ ఎక్కేస్తాను."

కారిన్ తండ్రి భుజం మీద ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.